రేపు నేను రాను

పరాయివాళ్ళను ముక్కూ మొహం తెలియనివాళ్ళు అంటారు. మా బస్ స్టాపు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. అక్కడ నిలబడేవాళ్ళ ముక్కూ మొహం తప్ప నాకింకేమీ తెలియదు. ఎవరి ముక్కు చలికి ఎర్రబడుతుందో, ఎవరి మొహం సోమవారంనాడు వాడిపోయి ఉంటుందో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతాను. పేర్లు మాత్రం అడక్కండి. ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబడ్డాం గానీ, ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు.

నేను బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో పనిచేస్తాను. వెనక గదిలో కుట్టుమిషను నాది. కొత్త బట్టలు కుట్టను. ఉన్నవాటికే పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం. ఊళ్ళో ఎవరు లావెక్కారో ఎవరు చిక్కిపోయారో వాళ్ళ డాక్టరు కంటే ముందు నాకు తెలుస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మా నేనూ. అమ్మ పోయాక ఒంటికాయ సొంటికొమ్ములా రెండు గదుల్లో మిగిలాను. తమ్ముడున్నాడు, వేరే ఊళ్ళో. నెలకోసారి ఫోన్ చేసి తన మోకాలి నొప్పి గురించి వివరంగా చెబుతాడు. "నువ్వెలా ఉన్నావక్కా?" అని అడిగేసరికి వాళ్ళింటి తలుపు ఎవరో కొడతారు, పెట్టేస్తాడు. ఆ తలుపు కొట్టేవాడెవడో గానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు.

మా స్టాపు ఒక మలుపు పక్కన ఉంది. ఆ మలుపులో పాత గోడౌను తాలూకు ఎత్తైన ప్రహరీగోడ. దాని వెనకనుంచి బస్సు ఒక్కసారిగా ఊడిపడుతుంది. ముందుకొచ్చి చెయ్యెత్తి నిలబడ్డామా, ఆపుతాడు. సంచి వెతుక్కుంటూనో చెప్పు సర్దుకుంటూనో ఉన్నామా, మన మొహాన పొగ కొట్టి పోతాడు. అందుకని మాకు కోటాయన ఉండేవాడు.

కోటాయన అన్నది నేను పెట్టుకున్న పేరు. మనిషి బాగా పొడగరి. బూడిదరంగు కోటు. చేతిలో విప్పిన పేపరు. స్తంభం పక్కన నిలబడి చదువుకుంటూ ఉండేవాడు. మాకెవరికీ కనబడని బస్సు ఆ గోడ మీదుగా ఆయనకు కనబడేది. అప్పుడు పేపరు నాలుగు మడతలు పెట్టి కుడి జేబులో దోపేవాడు. ఆ మడత చప్పుడు వినగానే మేమందరం సంచులు భుజాన వేసుకుని ముందుకొచ్చేవాళ్ళం. ఆయన మాకు ఒక్క మాటా చెప్పలేదు, మేం ఒక్క మాటా అడగలేదు.

మిగిలినవాళ్ళలో నాకు బాగా తెలిసిన మొహాలు రెండు. ఒకటి తెల్లబూట్ల నర్సమ్మ, పాతికేళ్ళుంటాయేమో, నిలబడే కునికిపాట్లు పడేది. రెండోది లెక్కల మాస్టారు. ఆయన పెదాలు ఎప్పుడూ కదులుతుండేవి. ఎక్కాలు వల్లిస్తున్నాడని నేనే తీర్మానించి ఆ ఉద్యోగం ఇచ్చాను.

పోయిన చలికాలం జ్వరమొచ్చి మంచానపడ్డాను. నీళ్ళు కాచుకోవడానికి కూడా ఓపిక లేక గోడ వైపు తిరిగి పడుకున్నాను. తలుపు ఎవరూ తట్టలేదు. తట్టడానికి ఎవరికి తెలుసు గనక? కాస్త లేవగలిగాక దుకాణానికి వెళితే ఓనరు తలెత్తకుండా, "ఆ నల్ల ప్యాంట్లు ఎప్పుడిస్తారమ్మా?" అన్నాడు. అంతకంటే ముందు, అదే ఉదయం, బస్ స్టాపులో కోటాయన పేపరు దించి నన్ను చూశాడు. ఎప్పుడూ లేనిది, కాస్త నిదానంగా, కిందిదాకా తల ఊపాడు. హమ్మయ్య, వచ్చారా అన్నట్టు. మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపును నేను ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాను.

మనిషన్నాక "రేపు నేను రాను" అని చెప్పుకోవడానికి ఒకరుండాలి. అమ్మ పోయాక ఆ మాట వాడే అవసరం నాకు రాలేదు. ఉన్నట్టుండి నేను లేకుండాపోతే ఎవరికైనా తెలుస్తుందా అన్న భయం మాత్రం రోజూ ఉండేది. ఆ తల ఊపు తర్వాత అది కొంచెం తగ్గింది. ఒకాయనకు తెలుస్తుంది కదా అనుకున్నాను.

ఆ ఒకాయనే రావడం మానేశాడు.

మొదటిరోజు బస్సు తప్పిపోయింది. మడత చప్పుడు కోసం ఎదురుచూస్తూ అందరం దిష్టిబొమ్మల్లా నిలబడ్డాం. బస్సు మా ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోయింది. నర్సమ్మ మాస్టారి వైపు గుర్రుగా చూసింది, మాస్టారు నా వైపు చూశాడు, నేను స్తంభం వైపు చూశాను. తప్పు ఎవరిదో తేలకుండానే ఎవరికి వారే యమునా తీరే అని తలో దిక్కూ నడిచాం. మర్నాడూ ఆయన లేడు. ఆ మరుసటి వారమూ లేడు. వేరే ఊరికి బదిలీ అయ్యిందేమో, సెలవేమో అని రోజుకో కారణం నేనే కల్పించి నాకే చెప్పుకున్నాను. ఎక్కడ విచారించాలి? ఎవరని అడగాలి? "బూడిదరంగు కోటు, పొడగరి, నాకు ఒకసారి తల ఊపారు" అంటే నవ్విపోరూ?

అప్పుడు కోటు దానంతటదే నా దగ్గరికి వచ్చింది.

ముప్పయ్యేళ్ళ మనిషి ఒకడు చెవికి ఫోను ఆనించుకుని దుకాణంలోకి వచ్చాడు. చేతిమీద బూడిదరంగు కోటు. బల్లమీద పరిచాడు. "చేతులు పొట్టి చెయ్యాలండీ. భుజాలు కూడా నా కొలతకి లోపలికి తియ్యాలి. తొందరేం లేదు, వచ్చే నెల తీసుకుంటా" అన్నాడు.

రెండో గుండీ చూడగానే గుర్తుపట్టాను. బూడిదరంగు కోటుకి నీలం దారంతో కుట్టిన గుండీ. మగవాడు తనంతట తాను కుట్టుకున్నది, అడ్డదిడ్డంగా. దాన్ని తెంపి సరిగ్గా కుట్టాలని ఆ స్టాపులో నా చేతులు ఎన్ని ఉదయాలు దురదపెట్టాయో. కుడి జేబు పేపరు బరువుకి సాగిపోయి ఉంది.

"ఎవరిదండీ ఈ కోటు?"

"మా బాబాయిది" అని మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు.

మా పనిలో ఒక ఆనవాలుంది. కోటుగలాయన బతికుంటే తనే తొడుక్కుని వస్తాడు, అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఒకరి కోటు ఇంకొకరి కొలతకు కుదించమని తెచ్చారంటే ఆ మొదటి మనిషి లేడన్నమాటే. ఇన్నేళ్ళలో అది తప్పగా నేను చూడలేదు. ఎప్పుడు, ఎలా అని అడుగుదామని నోరు తెరిచాను. అడగడానికి నేనెవర్ని? చీటీ రాసిచ్చాను. అతను వెళ్ళిపోయాడు.

కోటు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. దాచుకోవడానికేముంది, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఓనరు లోపలికొచ్చి నిలబడిపోయాడు.

"ఏమవుతారమ్మా మీకు?"

"ఏమీ కారు."

"మరి?"

కారం పొడి కళ్ళలో పడ్డా అంతసేపు ఏడవరు కదా అన్నట్టు ఓనరు నన్ను చూసి, తలుపు చేరవేసి పోయాడు.

చేతులు పొట్టి చేసేటప్పుడు మిగులు గుడ్డ కత్తిరించేస్తాం. లేకపోతే లావుగా కనబడుతుంది. ఆ రోజు కత్తెర తీశాను, పెట్టేశాను. తీశాను, పెట్టేశాను. చివరికి గుడ్డ మొత్తం లోపలికి మడిచి, ఆవిరిపెట్టి అణిచి, కనబడని కుట్టు వేశాను. పని తెలిసినవాళ్ళెవరైనా చూస్తే, ఇన్నేళ్ళొచ్చి ఇదేం పనితనమని నవ్వుతారు. నవ్వనీ. ఆ నీలం దారం గుండీ జోలికి మాత్రం పోలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అంటుండేది. అమ్మ పోయాక నానడం ఏమిటి, మొలకెత్తేదాకా ఉండిపోయేది. కానీ మర్నాడు స్టాపులో ఆగలేకపోయాను.

"ఆ కోటాయన పోయారండీ" అన్నాను, ఎవరి వైపూ చూడకుండా.

నర్సమ్మ కునికిపాటు ఆపి కళ్ళు తెరిచింది. "ఎవరూ? పేపర్ అంకులా?"

"ఎవరు, తాటిచెట్టా?" అన్నాడు మాస్టారు. అనేసి నాలిక కరుచుకున్నాడు. "అంటే... పొడుగ్గా ఉంటారు కదా అని. నేనలా అనుకునేవాణ్ణి. అయ్యో. అయ్యయ్యో."

ముగ్గురం మూడు పేర్లతో ఒకే మనిషిని దాచుకున్నాం. నేను కోటు సంగతంతా చెప్పాను. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. రోజూ చావులు చూసే పిల్ల. "ఆసుపత్రిలో అయితే నాకు ఏడుపు రాదండీ, ఇదేంటో మరి" అంది. మాస్టారు గొంతు సవరించుకుని, "ఏమండీ సూదమ్మగారూ, ఆయనకి పిల్లలున్నారటా?" అని అడిగాడు.

"సూదమ్మా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. నా స్వెట్టరు వైపు చూపించాడు. నిజమే, దారం ఎక్కించిన సూది ఒకటి ఎప్పుడూ అక్కడ గుచ్చుకుని ఉంటుంది. తియ్యడం మర్చిపోతాను. అంటే ఈయన ఇన్నాళ్ళూ నన్ను చూశాడు. చూసి ఒక పేరు పెట్టుకున్నాడు. దుఃఖంలో ఉండి కూడా నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ రోజునుంచి మేం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మాస్టారు మాస్టారు కాదు, బేకరీలో కేకులు చేస్తాడు. పెదాలు కదిలేది ఎక్కాలకు కాదు, పాటలకు. ఇంట్లో పాడితే భార్య తిడుతుందట, అందుకని గొంతు లేకుండా పాడుకుంటాడు. నర్సమ్మకు ఒక చెల్లెలుంది, దాని చదువు ఖర్చంతా ఈమెదే. బస్సును చూసే పని కూడా నర్సమ్మ తీసుకుంది. రోడ్డు మీదకు ఒక అడుగు దిగి, మెడ చాచి చూసి, "వస్తోంది" అని అరిచేది. స్తంభం పక్కన కోటాయన నిలబడే చోటు మాత్రం ఖాళీగా ఉంచాం. అలా ఉంచుదామని ఎవరూ అనలేదు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి అక్కడ నిలబడితే బేకరీ ఆయన వాళ్ళను ఎలా చూసేవాడంటే, వాళ్ళే జరిగి పక్కకు పోయేవారు.

ఒక ఉదయం బేకరీ ఆయన ఏదో హాస్యమాడాడు. నేనూ నర్సమ్మా పగలబడి నవ్వుతున్నాం. అటువైపు నుంచి ఒక పొడగరి మనిషి నెమ్మదిగా నడిచొచ్చి స్తంభం పక్కన ఖాళీలో నిలబడ్డాడు. ఒంటిమీద వదులు స్వెట్టరు. బుగ్గలు లోపలికి పోయాయి. చంకలో పేపరు.

బేకరీ ఆయన చేతిలోంచి టిఫిన్ డబ్బా జారి డబడబా దొర్లింది.

ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఎప్పుడూ మాట్లాడని మేం ఒకచోట గుంపుగా ఉన్నాం, ఒక్కసారిగా కొయ్యబారిపోయాం. ఆయన గొంతు నేను మొదటిసారి విన్నాను.

"ఎవరైనా పోయారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం.

"మీరేనండీ" అన్నాడు బేకరీ ఆయన.

"ఛ! ఏం మాటలండీ అవి!" అని నర్సమ్మ ఆయన్ని మోచేత్తో పొడిచింది.

దాచి లాభం లేదు. కోటు వచ్చిన సంగతి, మా పనిలో ఆనవాలు సంగతి, అంతా చెప్పేశాను. చెబుతుంటే లోపలంతా సంతోషమే. పైకి మాత్రం కోపమే వచ్చింది. "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయారండీ మీరు?" అని గద్దించాను, పేరు కూడా తెలియని మనిషిని.

ఆయన నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. "అయితే నాకు ఆయుష్షు పెరిగినట్టే. ఆసుపత్రిలో ఉన్నానండీ, ఆపరేషన్ అయింది. చిక్కిపోయాను, కోటు నా మీద బస్తాలా వేలాడుతోంది. మా అన్నయ్య కొడుకు ముచ్చటపడితే ఇచ్చేశాను. చలి తగిలే పని ఇంక నాకేముంది?"

"ఎందుకు లేదు?"

"ఉద్యోగం అయిపోయిందండీ. వాడు తనింటికి తీసుకెళ్తున్నాడు, వాళ్ళ ఊరు. ఇవాళ మధ్యాహ్నం రైలు. అదిగో, కారులో కూర్చున్నాడు."

ఎదురుగా కారులో ఆ ఫోను మనిషి. ఈసారీ ఫోనులోనే ఉన్నాడు.

"మరి ఈ చలిలో ఇక్కడికి ఎందుకొచ్చారు?" అంది నర్సమ్మ.

ఆయన పేపరు చంక మార్చుకున్నాడు. "చెప్పాపెట్టకుండా మానేశాను కదా, బాగుండదనిపించింది. వీళ్ళు నేను పోయాననుకుంటారేమో, ఒకసారి వెళ్ళి చెప్పొద్దామని వచ్చాను. 'ఎవరికి చెప్పాలి బాబాయ్, ఫోన్ చేద్దాం' అన్నాడు మావాడు. ఏం చెప్పను? పేర్లు తెలియవుగా."

బేకరీ ఆయన వంగి డబ్బా తీసుకుని, దాని సొట్టను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

"మీ కోటు నా దగ్గరే ఉంది. చేతులు కత్తిరించలేదండీ, లోపలికి మడిచాను. మీకు మళ్ళీ ఒళ్ళు వస్తే విప్పుకోవచ్చు" అన్నాను. చెప్పడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఆయన నా వైపు చూసి తల ఊపాడు. నిదానంగా, కిందిదాకా. నేను దాచుకున్నదే మళ్ళీ ఇచ్చాడు.

తర్వాత ఆయన చూపు గోడ మీదుగా పోయింది. పేపరు నాలుగు మడతలు పెట్టాడు. మేం సంచులు భుజాన వేసుకుని ముందుకొచ్చాం. బస్సు ఆగింది, ఎక్కాం. ఆయన ఎక్కలేదు. దోపుకోవడానికి జేబు లేక మడిచిన పేపరు చేత్తోనే పట్టుకుని, స్తంభం పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. బస్సులో నేను మళ్ళీ ఏడ్చాను. మొదటిసారి చచ్చిపోయాడని ఏడ్చాను, ఈసారి బతికుండగానే వెళ్ళిపోతున్నాడని. ఏమవుతారని ఈసారి ఎవరూ అడగలేదు.

తరువాతి నెల ఫోను మనిషి ఏదో పనిమీద మా ఊరొచ్చి, కోటు కోసం దుకాణానికి వచ్చాడు. ఆ వేళ ఎలాగో ఫోను చేతిలో లేదు. ఈసారి అడిగే హక్కు నాకుంది, అడిగాను. "మీ బాబాయిగారు ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారండీ. ఏమీ తోచదు పాపం. పొద్దున్నే కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చుంటారు. కింద రోడ్డు మీద బస్సు కనబడితే చాలు, చదవడం ఆపేసి పేపరు మడిచేస్తారు. ఎందుకు బాబాయ్ అంటే చెప్పరు."

నేనూ చెప్పలేదు. కోటు సంచిలో పెట్టిచ్చాను.

మా స్టాపులో అప్పటినుంచి ఒక అలవాటు మొదలైంది. రాలేని రోజు ఉంటే ముందురోజే చెప్పాలి. నర్సమ్మ డ్యూటీ మారితే చెబుతుంది. బేకరీ ఆయన బావమరిది పెళ్ళికని చెప్పి వెళ్ళాడు, వచ్చేటప్పుడు మాకు కేకు తెచ్చాడు. నాకు మాత్రం చెప్పే సందర్భం రాలేదు. నేనెక్కడికి పోతాను గనక?

ఈమధ్య సూదిలో దారం ఎక్కడం లేదు. డాక్టరు చూసి కంట్లో శుక్లం అన్నాడు, ఆపరేషన్ చేసేస్తానన్నాడు. "తోడు ఎవరొస్తారు?" అని అడిగితే చూద్దాం లెండి అని వచ్చేశాను. ఆపరేషనుకు ముందురోజు ఉదయం స్టాపులో నిలబడ్డాను. నర్సమ్మ రోడ్డు మీదకు దిగి మెడ చాచి చూస్తోంది. బేకరీ ఆయన గొంతు లేకుండా పాడుకుంటున్నాడు. ఆ మూడు మాటలు నోట్లో కూడదీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"రేపు నేను రాను" అన్నాను.

బేకరీ ఆయన పెదాలు ఆగిపోయాయి. నర్సమ్మ మెడ చటుక్కున ఇటు తిప్పింది.

"ఎందుకూ?" అన్నారిద్దరూ, ఒకేసారి.

చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే వాళ్ళు దగ్గరికొచ్చారు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమైందండీ? ఒంట్లో బాలేదా? ఏ ఆసుపత్రి? ఎవరొస్తున్నారు తోడు?" అని ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది. మలుపు వైపు చూసేవాళ్ళెవరూ లేరు. గోడ వెనకనుంచి బస్సు ఊడిపడింది, మా వెనకగా దర్జాగా వెళ్ళిపోయింది.

ముగ్గురికీ ఆ రోజు ఆలస్యమైంది. ఒక్కరూ ఏమీ అనుకోలేదు.